పిప్పీ, మడ్డీ

ఏన్కూరు చేలల్లో పత్తి ఏరడం అయిపోయాక పత్తికట్టె మిగులుతుంది. కొంత పొయ్యిలోకి పోతుంది. తక్కినది చాలామంది చేలోనే తగలబెడతారు. పోగుచేసి బండికెత్తే ఖర్చు ఎవరు భరిస్తారు? చెరకు పిప్పికి ఆ బాధ లేదు, మిల్లులోనే గుట్ట పడుతుంది. టన్ను చెరకు ఆడితే సుమారు 300 కిలోల తడిపిప్పి! దాన్ని మండించి, వచ్చిన ఆవిరితో మిల్లు నడిపి, మిగిలిన కరెంటు అమ్ముతారు.

మన దేశమూ, బ్రెజిలూ రెండూ ఈ పని చేస్తున్నాయి. మోటారు బండ్ల దగ్గరే దారులు చీలాయి. 1973లో పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగిపోయింది. 1975లోనే బ్రెజిలువారు చెరకునుంచి ఇథనాల్ అనే మద్యసారం విరివిగా తీసి బండ్లకు వాడే పెద్ద పథకం పెట్టారు. మనకు రసం పంచదారకు కావాలి గదా! అందుచేత పంచదార తీయగా మిగిలిన మడ్డినుంచే తీశారు. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలలో పెట్రోలులో నూటికి 5 పాళ్లు కలపాలన్నారు. 2014లో చూస్తే దేశం మొత్తానికి ఒకటిన్నర పాళ్లే! 2025కు 20 అయింది. బ్రెజిలులో అదే ఏడు 30.

అంత ఇథనాలుకు మడ్డి ఒక్కటే చాలదు. ఇప్పుడు చెరకు రసమూ, బియ్యమూ, మన ఖమ్మం జిల్లాలో పండే మొక్కజొన్న వంటిదీ వాడుతున్నారు. కోళ్లు తినేదీ ఆ మొక్కజొన్నే. దాణా ధర పెరిగిపోయిందని 2024లో కోళ్ల పెంపకందారులు మొరపెట్టుకున్నారు.