గుడికి అందరూ, గుర్తుకు ఎవరికి వారే

2019 లోక్‌సభ ఎన్నికల్లో నాగర్‌కర్నూల్ బీజేపీ అభ్యర్థి బంగారు శ్రుతికి వచ్చిన ఓట్లు 1,29,021. 2024లో అదే పార్టీ తరఫున నిలబడ్డ పోతుగంటి భరత్ ప్రసాద్‌కు 3,70,658. దాదాపు మూడింతలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌తో పాటు అలంపూర్, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్‌లున్న ఈ నియోజకవర్గంలో అయిదేళ్లలో భక్తి మూడింతలైందా?

కాలేదు. అలంపూర్ జోగులాంబ, నల్లమలలో సలేశ్వరం జాతర, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవాళ్లలో అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు.

ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019-20లో దేశమంతటా సుమారు 30 వేల మందిని అడిగి చూసింది. దేవుడున్నాడన్నవాళ్లు 97 శాతం. 2019లో బీజేపీకి ఓటేశామన్న హిందువులు మాత్రం ఉత్తరాదిన 68 శాతం, దక్షిణాదిన 19 శాతమే. మరో లెక్క ఇంకా ఆసక్తికరం. అసలైన భారతీయుడంటే హిందువై ఉండాలి, హిందీ మాట్లాడాలి అని గట్టిగా నమ్మే హిందూ ఓటర్లలో 60 శాతం బీజేపీకి వేశారు. ఈ రెండింటినీ అంతగా పట్టించుకోనివాళ్లలో మూడో వంతు మందే వేశారు. దైవభక్తి కన్నా, దేశం ఎవరిదన్న అభిప్రాయమే ఓటుతో గట్టిగా ముడిపడి ఉందన్నమాట.

మరి నాగర్‌కర్నూల్‌లో ఆ మూడింతలు ఎక్కడివి? మొదట అభ్యర్థిని చూడాలి. భరత్ తండ్రి రాములు 2019లో టీఆర్‌ఎస్ తరఫున 4,99,672 ఓట్లతో గెలిచిన ఎంపీ. 2024 ఎన్నికల ముందు బీజేపీలో చేరారు. ఆ ఎన్నికల్లో, పేరు మార్చుకుని బీఆర్‌ఎస్ అయిన టీఆర్‌ఎస్ అభ్యర్థి ఆర్‌.ఎస్‌. ప్రవీణ్ కుమార్‌కు దక్కినవి 3,21,343. ఆ పార్టీకి 1.78 లక్షలు తగ్గాయి, బీజేపీకి 2.42 లక్షలు పెరిగాయి. తండ్రి వెంట కొంత ఓటు కొడుక్కి నడిచిందనుకోవడంలో తప్పులేదు.

రెండోది కులం. ఇది ఎస్సీ రిజర్వుడు స్థానం. 2023 నవంబరు 11న సికింద్రాబాద్ సభలో ప్రధాని మోదీ ఎస్సీ వర్గీకరణపై మాట ఇచ్చాక, మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి (ఎమ్మార్పీఎస్) బీజేపీకి మద్దతిచ్చింది. ఇది గుడి సంగతి కాదు, వాటా సంగతి.

మూడోది ఎన్నిక స్వభావం. రాష్ట్రంలో 2023 నవంబరు అసెంబ్లీ పోలింగులో బీజేపీకి 13.9 శాతం. మరుసటి మే లోక్‌సభ పోలింగులో 35 శాతం. అయిదున్నర నెలల్లో ఎవరి మతమూ మారలేదు. హైదరాబాద్‌కు ఒక లెక్క, ఢిల్లీకి ఒక లెక్క వేసుకున్నారు జనం.

అలాగని బీజేపీ ఇక్కడ నిన్న మొన్న పుట్టిన పార్టీ కాదు. కల్వకుర్తిలో ఆ పార్టీ అభ్యర్థి ఆచారి 2014లో 78 ఓట్ల తేడాతో ఓడారు, 2023లో 5,410తో. దేవుడి రూపం కూడా ఇక్కడ ఓటుకు హామీ కాలేదు: తెరమీద రాముడు, కృష్ణుడు అయిన ఎన్టీఆర్‌నే 1989లో కల్వకుర్తి ఓడించింది, చిత్తరంజన్‌దాస్ చేతిలో. అదే ఎన్నికల్లో హిందూపురం ఆయన్ను గెలిపించింది.

2024లో చివరికి గెలిచింది 4,65,072 ఓట్లు తెచ్చుకున్న కాంగ్రెస్ అభ్యర్థి మల్లు రవి, 94,414 ఆధిక్యంతో. ఎన్నికల సంఘం ఓట్లను మతాలవారీగా లెక్కపెట్టదు. ఫలానా మతంవాళ్లంతా ఫలానా పార్టీకే వేశారని ఎవరైనా అంటే, అది ఏ సర్వేనో, ఎంతమందిని అడిగారో ముందు అడగండి.