ఆ అరగంట విలువెంత?

ఎక్స్‌పొనెన్షియల్ డికే గుర్తుందా? పరీక్ష రాసి మర్చిపోయిన ఆ ఫార్ములా మీదే డయాలసిస్ పేషెంట్ల వారం నడుస్తుందని మా పెద్దనాన్న రిపోర్టులు చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది.

ముందు మెషీన్ సంగతి. డయలైజర్ అనే గొట్టంలో వెంట్రుకల్లాంటి సన్నని గొట్టాలు వేలల్లో ఉంటాయి. లోపల రక్తం, బయట ఎదురు దిశలో డయాలసిస్ ద్రవం. మెకానికల్ వాళ్లకి చెప్పక్కర్లేదు, ఇది కౌంటర్ ఫ్లో హీట్ ఎక్స్‌ఛేంజర్ లాంటిదే. వేడికి బదులు యూరియా దాటుతుంది, అంతే.

మరి శుభ్రం సరిపోయిందని తెలిసేదెలా? 1985లో గాచ్, సార్జెంట్ అనే ఇద్దరు ప్రచారంలోకి తెచ్చిన కొలత ఒకటుంది: కేటీ బై వీ. కే అంటే నిమిషానికి ఎంత రక్తం నుంచి యూరియా పూర్తిగా పోతోందో, టీ అంటే టైం, వీ అంటే ఒంట్లో ఉన్న నీరు. యూనిట్లన్నీ కొట్టుకుపోయి ఉత్త అంకె మిగులుతుంది.

ఓ లెక్క వేద్దాం. 60 కిలోల మగమనిషి ఒంట్లో నీరు సుమారు 35 లీటర్లు. కే 200 మి.లీ. అనుకుంటే 4 గంటల్లో 48 లీటర్లు శుభ్రమవుతుంది. 48ని 35తో భాగిస్తే 1.37. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లకి లక్ష్యం 1.4, కనీసం 1.2 అయినా రావాలి.

"సిస్టర్, అరగంట ముందే తీసేయండమ్మా" అన్న మాట డయాలసిస్ వార్డులో తరచూ వినిపిస్తుంది. కాళ్లు పట్టేస్తాయి, బస్సు టైం అవుతుంటుంది, వాళ్ల బాధ వాళ్లది. కానీ అరగంట తగ్గితే 42 బై 35, అంటే సరిగ్గా 1.2. అంచు మీద నిలబడ్డట్టే. గంట తగ్గితే 1.03. పైగా ఫిస్టులా నుంచి రక్తం సరిగ్గా రాకపోతే కే కూడా పడిపోతుంది.

అయితే అంకె బాగుంటే అంతా బాగున్నట్టేనా? కాదు. యూరియా చిన్నది, నీళ్లున్న చోటల్లా తిరుగుతుంది, తేలిగ్గా పోతుంది. ఫాస్ఫరస్ అలా కాదు. ఒంట్లో ఉన్నదాంట్లో సుమారు 85 శాతం ఎముకల్లోనే ఉంటుంది. మెషీన్ పెట్టిన మొదటి గంటా రెండు గంటల్లో రక్తంలో తగ్గుతుంది, తర్వాత తగ్గడం ఆగిపోతుంది. కణాల నుంచి, ఎముకల నుంచి మెల్లగా వస్తూనే ఉంటుంది కాబట్టి. అందుకే దీనికి స్పీడు కంటే టైం ముఖ్యం.

ఇక్కడా లెక్కే. రోజుకి 1000 మి.గ్రా. తింటే ఒంటికి పట్టేది దాదాపు 600. వారానికి 4200. ఒక్కో డయాలసిస్‌లో పోయేది సుమారు 800, మూడుసార్లకి 2400. మిగిలిన 1800 ఎక్కడికి పోవాలి?

అది పేరుకుంటే పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి. ఎముక గుల్లబారుతుంది, రక్తనాళాల గోడలు సున్నం పట్టిన పైపుల్లా గట్టిపడతాయి. ఎముకలో ఉండాల్సింది నాళాల్లో చేరుతుందన్నమాట.

సెవలమర్, కాల్షియం ఎసిటేట్ లాంటి మాత్రలు భోజనంతో పాటే వేసుకోమనేది ఇందుకే. అవి తిండిలో ఉన్న ఫాస్ఫరస్‌ని పేగులోనే పట్టేస్తాయి. తిన్న రెండు గంటలకి మింగితే పెద్దగా ఉపయోగం లేదు. అలాగని పప్పూ గుడ్డూ మానేయకూడదు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి ప్రొటీన్ ఎక్కువే కావాలి. పప్పులోని ఫాస్ఫరస్ కొంతే ఒంటికి పడుతుంది. కోలా డ్రింకుల్లో, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం పట్టేస్తుంది. మానాల్సింది ముందు అది.

ఉద్దానం వైపు నుంచి వచ్చిన మిత్రులకి ఈ జబ్బు గురించి నేను చెప్పేదేం లేదు. ఇంట్లో ఎవరైనా డయాలసిస్‌లో ఉంటే మాత్రం ఈ నెల మూడు సంగతులు కనుక్కోండి: కేటీ బై వీ ఎంత, ఫాస్ఫరస్ ఎంత, మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు. మోతాదులు డాక్టరుగారు చూసుకుంటారు. టైం మాత్రం ఇంట్లోవాళ్లే చూసుకోవాలి.