రైలు పని కట్టిన బజారు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏ పాత ఊరి గురించి అడిగినా చెప్పడానికి ఒక రాజో, గుడో, కోటో ఉంటుంది. గుత్తికి కొండ మీది కోట ఉంది. పెనుకొండ విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న ఊరు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి ఉన్నాయి. ఈ మూడింటికంటే జనం ఎక్కువున్న గుంతకల్లు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘రైల్వే జంక్షన్’ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. ఆ మాట తప్పు కాదు గానీ చాలదు. దేశంలో జంక్షన్లు వందలున్నాయి. వాటిలో చాలా చోట్ల స్టేషన్ దాటితే నాలుగు టీ అంగళ్లు తప్ప చెప్పుకోదగ్గ ఊరుండదు. మరి గుంతకల్లులో స్టేషన్ రోడ్డు నుంచి మెయిన్ బజారు దాకా అంగడినానుకుని అంగడి ఎందుకు లేచింది? కరువు అనగానే గుర్తొచ్చే ఈ మెట్ట నేల మీద అంత పెద్ద బజారు ఇన్నేళ్లు ఎలా నిలిచింది? నా వాదన ఒక్కటే. ఈ వీధిని నిలబెట్టింది రైలు ప్రయాణం కాదు, రైలు పని. ఆ సంగతి గ్రహిస్తేనే అక్కడి పాత కట్టడాల విలువేమిటో, వాటిని ఎలా చూసుకోవాలో తెలుస్తుంది.

మద్రాసు రైల్వే కంపెనీ వేసిన వాయవ్య మార్గం అరక్కోణం, కడప, గుత్తి మీదుగా వచ్చి గుంతకల్లు, ఆదోని దాటి రాయచూరు చేరింది. 1871లో అక్కడ బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. అప్పటికి ఈ ప్రాంతమంతా బళ్లారి జిల్లా. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడినప్పుడు గుత్తి తాలూకాతో పాటు గుంతకల్లు ఇటు వచ్చింది. అసలు ఊరు ఇప్పుడు మనం పాత గుంతకల్లు అంటున్న చోట, మస్తాన్ వలి దర్గా ఉన్న వైపు ఉండేది. స్టేషన్ చుట్టూ పుట్టింది కొత్త ఊరు. రైలు వచ్చినంత మాత్రాన ఈ సీమ బతుకు మారిపోలేదనడానికి పెద్ద సాక్ష్యం 1876–78 నాటి ధాత కరువు. అప్పటికి పట్టాలు పడి అయిదేళ్లు దాటింది. మద్రాసు రేవులో దిగిన ధాన్యం ఆ పట్టాల మీదుగానే ఈ జిల్లాలకు వచ్చింది. అయినా జనం వేలకు వేలుగా చనిపోయారు. గింజలు ఊరి దాకా వచ్చినా, పెరిగిన ధరకు వాటిని కొనే డబ్బు చేతిలో లేకపోయింది. కూలి లేని చోట రైలు వచ్చి ఆగినా అంగడి నిలవదన్న పాఠం ఈ నేల అంత ఘోరంగా నేర్చుకుంది.

గుంతకల్లుకు పని తెచ్చింది ఆ తర్వాతి రెండు దశాబ్దాలు. సదరన్ మరాఠా రైల్వే వచ్చి మీటరుగేజీ మార్గాలు వేసింది. పడమరకు బళ్లారి, హుబ్బళ్లి మీదుగా గోవా తీరం దాకా, తూర్పుకు నంద్యాల మీదుగా బెజవాడ దాకా, దక్షిణానికి ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరు దాకా పట్టాలు సాగాయి. మద్రాసు–బొంబాయి మార్గం మాత్రం బ్రాడ్‌గేజీయే. బ్రాడ్‌గేజీ పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు, మీటరుగేజీలో 1,000 మిల్లీమీటర్లు. ఈ తేడా వల్ల ఒక దారి పెట్టె ఇంకో దారి మీద నడవదు. హుబ్బళ్లి వైపు నుంచి మద్రాసుకు పోవాల్సిన పత్తి బేలు గుంతకల్లులో దిగి బండి మారాల్సిందే. రెండు రకాల వ్యాగన్లను పక్కపక్కన నిలబెట్టి, మధ్యలో ఉన్న ప్లాట్‌ఫారం మీదుగా హమాలీలు బస్తా బస్తా వీపు మీద మోసి అటునుంచి ఇటు వేసేవారు. చిరిగిన గోనెసంచిని అక్కడే కుట్టాలి, కారిన గింజను ఊడ్చి ఎత్తాలి, లెక్క రాసుకోవాలి, వ్యాగన్ దొరకని రోజు సరుకును ఎండా వానా తగలకుండా కాపాడాలి. రైల్వే ఇంజనీర్ల లెక్కలో ఇది నష్టం, ఆలస్యం. ఊరికి మాత్రం అదే జీవనాధారం. మోత ఉన్న చోట హమాలీ ఉంటాడు. హమాలీ ఉన్న చోట బొరుగుల అంగడి, బీడీల అంగడి, గోనెసంచుల వ్యాపారి, సరుకు విడిపించే ఏజెంటు, రాత్రి తలదాచుకునే సత్రం అవసరమవుతాయి. ప్రయాణికులకూ ఇదే తిప్పలు. బండి మారడానికి గంటల తరబడి ఆగినవాళ్ల ఆకలీ నిద్రా తీర్చడానికే స్టేషన్ ఎదుటి హోటళ్లు, లాడ్జీలు పుట్టాయి.

మోత తర్వాత రెండో ఆధారం జీతం. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వేల మార్గాలు ఒకే కంపెనీ చేతికి వచ్చి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది. 1951లో అది దక్షిణ రైల్వేలో భాగమైంది. 1956లో గుంతకల్లు డివిజన్ కేంద్రమైంది. 1977 అక్టోబరు 2న ఆ డివిజన్‌ను దక్షిణ మధ్య రైల్వేలో కలిపారు. పాలన ఎవరి చేతికి మారినా డ్రైవర్లు, గార్డులు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మెన్‌లు, గుమస్తాలు నెల తిరిగేసరికి జీతం అందుకున్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడడమే గగనమైన జిల్లాలో ఇది ఎంత పెద్ద విషయమో ఇక్కడి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇతర ఊళ్ల బజార్లు బోసిపోతాయి. గుంతకల్లు బజారులో సగం బేరం వాన మీద ఆధారపడలేదు. కిరాణా అంగడిలో ఖాతా రాయించుకుని నెల మొదట్లో తీర్చే పద్ధతి సాగిందంటే, ఆ జీతం తప్పకుండా వస్తుందన్న నమ్మకమే కారణం. జీతం వేళకు వచ్చినా డ్యూటీకి వేళాపాళా ఉండదు. రాత్రి రెండింటికి దిగేవాళ్లుంటారు, తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కేవాళ్లుంటారు. ఈ వైపు టిఫిన్ అంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నీళ్లలో వేసి పిండి, ఉల్లిపాయల తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే నిమిషాల్లో తయారు. నానబెట్టడం, రుబ్బడం లేవు. వేళ తెలియని పనివాళ్ల ఊరికి ఇంతకంటే అనువైన టిఫిన్ ఉంటుందా?

ఈ బతుకంతా గోడలకెక్కింది. ఇలాంటి బజారులోని పాత అంగడిని దగ్గరగా చూడండి. ముందు నాపబండలు పరిచిన అరుగు. ఆ బండ బేతంచర్ల, తాడిపత్రి వైపు గనులది, బరువైన సరుకు. గూడ్సు సౌకర్యమున్న ఊరికి చౌకగా చేరుతుంది. తలుపు రెండు రెక్కలు కాదు, విడివిడి పలకలు. పొద్దున ఒక్కొక్కటే గాడి లోంచి తీసి పక్కన పేర్చి, రాత్రి అదే వరుసలో బిగిస్తారు. వరుస తప్పకుండా ప్రతి పలకకూ అంకె వేసి ఉంటుంది. అంగడి వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. స్టేషన్ దారిలో ముంగిటి స్థలానికి గిరాకీ ఎక్కువ కాబట్టి ఎవరికీ వెడల్పు దక్కదు. ముందు బేరం, వెనక సరుకు, ఆ వెనక సంసారం. పైకప్పు సీమ పద్ధతి మట్టి మిద్దె, లేదంటే మంగళూరు పెంకులు. రైల్వే ఊళ్లలో కట్టె దూలం బదులు పాత రైలు పట్టాను దూలంగా వేసిన మిద్దెలూ కనిపిస్తాయి. ఇవి ఏ శిల్పీ గీసిన నమూనాలు కావు. ఏ సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, చోటుకు ఎంత పోటీ ఉంది, అంగడివాడు ఎక్కడ పడుకున్నాడు అన్నవన్నీ ఈ కట్టుబడిలోనే ఉన్నాయి.

ఊరిని పెంచింది వ్యాపారులే కదా, రైల్వేకు ఇంత ఘనత ఎందుకని అడిగేవారుంటారు. నల్లరేగడి పత్తి, వేరుశనగ లేకపోతే రైలు మోసేదేమిటన్నది వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అయితే పత్తి రైలు కంటే ముందే ఈ సీమలో పండింది. దాని వ్యాపారానికి ఆదోని, బళ్లారి ఎప్పుడో పేరుమోసిన ఊళ్లు. పత్తి ఒక్కటే కారణమైతే ఆ రెండూ ఉండగా గుంతకల్లులో మూడో బజారు అక్కర్లేదు. ఇంకో పోలిక గుత్తి. అది ఒకప్పటి తాలూకా కేంద్రం, కోట ఉన్న ఊరు, కోర్టున్న ఊరు. రైలు దానికీ అదే కాలంలో వచ్చింది, తర్వాత అదీ జంక్షనే అయింది. గుంతకల్లుకు ముప్పై కిలోమీటర్ల లోపే ఉంది. అయినా 2011 జనాభా లెక్కల్లో గుత్తి యాభై వేలు దాటలేదు, గుంతకల్లు లక్షా పాతిక వేలు దాటింది. కోటా కచేరీ రైలూ ఉన్న ఊరికంటే, గేజీ మారే మోత, డివిజన్ ఆఫీసు ఉన్న ఊరు రెండింతలకు మించి పెరిగింది. వ్యాపారుల తెలివినీ కష్టాన్నీ నేను తక్కువ చేయడం లేదు. వారు గుత్తిని కాదని గుంతకల్లుకు ఎందుకొచ్చారన్నదే ప్రశ్న, దానికి జవాబు రైలు పని. ఊరికి దగ్గర్లోని కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి గుడికి వచ్చే భక్తులను కూడా కొందరు లెక్కలోకి తెస్తారు. శ్రావణమాసంలో ఆ రద్దీ బజారుకు మంచి బేరమే ఇస్తుంది. కానీ ఏడాది పొడవునా అంగడి తెరిచి ఉంచేది ఆ ఒక్క నెల బేరం కాదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. 1980ల నుంచి 1990ల చివరి దాకా బెంగళూరు, హుబ్బళ్లి, గుంటూరు వైపు మార్గాలన్నీ బ్రాడ్‌గేజీగా మారిపోయాయి. బండి మారే అవసరం పోయింది, బస్తా దించే పని పోయింది. వీధికి ఆధారం మోతే అయితే అప్పుడే కూలిపోవాలి కదా? కూలలేదు. ఎందుకంటే పోయింది రైలు పనిలో ఒక భాగమే. డివిజన్ ఆఫీసు మిగిలింది, లోకోషెడ్డు మిగిలింది, బండి నడిపే సిబ్బంది డ్యూటీ మారే చోటుగా ఊరు మిగిలింది. బజారు రూపం మాత్రం మారింది. బండి కోసం గంటల తరబడి కాచుకునే ప్రయాణికుడి మీద ఆధారపడిన బేరాలకు మునుపటి పట్టు పోయింది. జీతం మీద ఆధారపడిన బట్టల అంగళ్లు, నగల అంగళ్లు, వంట సామాన్ల అంగళ్లు నిలబడ్డాయి. ఏ బేరం తగ్గిందో, ఏది నిలిచిందో చూస్తే నా వాదన బలపడుతుందే తప్ప చెడదు. 2019లో కేంద్రం ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వేలో గుంతకల్లు డివిజన్‌నూ చేర్చారు. ఇలాంటి నిర్ణయాలు వచ్చినప్పుడల్లా ఆఫీసులు ఉంటాయా, పోతాయా అని ఊరు కంగారు పడేది ఊరికే కాదు.

ఈ ఊరి జ్ఞాపకం కూడా పనివాడి చుట్టూనే అల్లుకుంది. గుంతకల్లులో జనం చందాలేసుకుని కట్టుకున్న పాత స్మారకం రాజుది కాదు, దొరది కాదు, రైల్వే గేటు కాపరి గూళపాళ్యం హంపన్నది. 1893 అక్టోబరులో ఇటుగా వెళ్తున్న తెల్ల సిపాయిల బారి నుంచి ఇద్దరు ఆడవాళ్లను కాపాడడానికి అడ్డం నిలిచి, తుపాకి గుండుకు బలయ్యాడాయన. మద్రాసు హైకోర్టులో విచారణ జరిగి నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. గుత్తి వకీలు కేశవ పిళ్లె ఆ అన్యాయాన్ని పత్రికలకెక్కించి, స్మారకానికి పూనుకున్నారు. కోర్టులో దొరకని న్యాయాన్ని జనం రాతి మీద చెక్కించుకున్నారు. ఒక గేటు కాపరిని అంతగా గౌరవించుకున్న ఊరు, హమాలీలు మోసిన బస్తాలతో, ఫిట్టర్ల జీతాలతో లేచిన తన బజారును చరిత్ర కాదనుకోవడం తగదు.

“ఇవి తంజావూరు గుళ్లా, హంపి మంటపాలా? ఇరుకు అంగళ్లు, కారే మిద్దెలు. పడగొట్టి కట్టుకుంటే తప్పేమిటి?” అనే మాట సహజంగానే వస్తుంది. తప్పేమీ లేదు. వాన కురిస్తే కారే మిద్దె కింద బతకమని అంగడి యజమానికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అద్దె మీద బతికే కుటుంబానికి పై అంతస్తు అవసరమే. చట్టం కూడా వీటికి అండగా లేదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం వందేళ్లు నిండిన, చారిత్రక ప్రాముఖ్యమున్న కట్టడాలనే లెక్కలోకి తీసుకుంటుంది. సాదా అంగళ్ల వరుసను రక్షిత కట్టడంగా ప్రకటించమని అడగడం అత్యాశే. కానీ పడగొట్టడం వేరు, ఆనవాలు లేకుండా పడగొట్టడం వేరు. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి, దొరల చరిత్రకు గెజిటీర్లున్నాయి. హమాలీకి, అంగడివాడికి మిగిలిన దస్తావేజు ఆ గోడ ఒక్కటే. అది రాసిపెట్టకుండా పోతే వారి చరిత్ర మళ్లీ దొరకదు.

రాసిపెట్టడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ప్రతి పాత అంగడి క్రయ దస్తావేజులో చెక్కుబందీ ఉంటుంది. తూర్పున ఎవరి అంగడి, పడమర ఏ సందు, ఉత్తరాన రైల్వే హద్దు ఎక్కడ అన్నది అందులో రాసి ఉంటుంది. ఒక వరుసలోని పది దస్తావేజులు పక్కపక్కన పెడితే ఆ వీధి పటం దానంతటదే తయారవుతుంది. మున్సిపాలిటీ ఇంటిపన్ను రిజిస్టర్లలో ఏ కట్టడం ఏ ఏడు లెక్కకెక్కిందో దొరుకుతుంది. డివిజన్ ఆఫీసులో రైల్వే స్థలాల పటాలుంటాయి. కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలకు ఒక్కొక్కరికి అయిదేసి అంగళ్లు అప్పగిస్తే ఒక్క విద్యాసంవత్సరంలో మెయిన్ బజారు మొత్తం కాగితం మీదికి వస్తుంది. కాబట్టి గుంతకల్లు వ్యాపారులకు, రైల్వే కుటుంబాలకు నా విన్నపం ఇది. కొత్త కట్టడం తప్పకుండా కట్టుకోండి. గునపం పడే ముందు పాత అంగడికి నాలుగు వైపులా ఫోటోలు తీయండి, పాత దస్తావేజులకు, ఖాతా పుస్తకాలకు నకళ్లు తీయించి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి, మీ పెద్దలు ఏ ఊరి నుంచి ఏ పని కోసం ఇక్కడికి వచ్చారో వారినే అడిగి వారి మాటల్లోనే రాయించండి. ఆ పెద్దలు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.