ఆడికి పోయినంక వీసా మారుతదా?

బసంత్‌నగర్ల ఎయిర్‌స్ట్రిప్ ఉన్నది గని ఎక్కుదామంటే విమానం లేదు. దుబాయ్ పోవాలన్నా, కువైట్ పోవాలన్నా, లండన్ పోవాలన్నా రాజీవ్ రహదారి పట్టుకొని శంషాబాద్ పోవుడే. అట్ల టోల్‌గేట్ దాటిపోయే పోరగాళ్లల్ల కొందరి చేతిల ఉండేది విజిట్ వీసా, మనసుల ఉండేది నౌకరి. నడుమ ఉండేది ఏజెంట్ చెప్పిన ఒక్క ముచ్చట: "ముందుగాల విజిట్ మీద పో తమ్మీ, ఆడికి పోయినంక వర్క్ వీసా కొట్టిచ్చుకుందం."

ఈ ముచ్చట నూటికి నూరుపాళ్లు అబద్ధమైతే మంచిగుండు, ఎవ్వలు నమ్మకపోదురు. కొన్ని దేశాలల్ల ఇది నిజం, కొన్నిట్ల అబద్ధం, ఇంకొన్నిట్ల నిన్నటిదాక నిజం, ఇయ్యాల అబద్ధం. అందుకే మునుగుతున్నరు.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలె. వీసా అంటే దేశంలకు రానిచ్చే కాయితం ఒక్కటే కాదు. "నువ్వు ఈ పనికోసం వచ్చినవ్, ఇన్ని దినాలు ఉంటవ్" అని రాసుకున్న ఒప్పందం. మన సింగరేణి లెక్కనే చూడుర్రి. బదిలీ వర్కర్‌గ ఎక్కినోడు నేను జనరల్ మజ్దూర్‌నని తనంత తానే అనుకుంటే అయితదా? మస్టర్లు నిండాలె, పైనుంచి ఆర్డర్ రావాలె. వీసా సుత అంతే. మార్చుకునే తొవ్వ చట్టంల ఉండాలె, షరతులు నిండాలె, ఆర్డర్ చేతికి రావాలె. అప్పటిదాక నువ్వు పాత కాయితం మీద ఉన్న మనిషివే.

దుబాయ్ సంగతి తీసుకుందాం, మనోళ్లు ఎక్కువ పోయేది అటే కదా. యూఏఈల విజిట్ నుంచి వర్క్‌కు మారే తొవ్వ ఉన్నది. దాన్ని స్టేటస్ చేంజ్ అంటరు. దేశం ఇడిచి పోకుంటనే చేసుకోవచ్చు. గని ఆ పని నీ చేతుల లేదు, ఏజెంట్ చేతుల అంతకన్నా లేదు. నౌకరి ఇచ్చే కంపెనీ అక్కడి కార్మిక శాఖల నీ పేరు మీద పర్మిట్ తీయాలె. ఆఫర్ లెటర్ మీద నీ సంతకం, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, అన్నీ వరుసగ నడువాలె. ఈ ఖర్చు అక్కడి చట్టం ప్రకారం కంపెనీదే, కార్మికుని దగ్గర వసూలు చెయ్యొద్దు. ఇక్కడ నీ దగ్గర "స్టేటస్ చేంజ్‌కు ఇంత" అని లెక్క రాసుకునేటోడు ఎవడైనా ఉంటే, ఆ పైసలు ఏడికి పోతున్నయో మీరే అర్థం చేసుకోవాలె.

పర్మిట్ రాకముందే "వచ్చే వారం వస్తది, అప్పటిదాక సైట్‌కు నడువు" అంటరు. అసలు గుంత గాడనే ఉన్నది. విజిట్ మీద పనిచేసుడు అక్కడ నేరం. 2024 ఆగస్టుల చట్టం మార్చి, పర్మిట్ లేకుంట పని చేయించుకునే కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హాంల దాక జరిమానా పెట్టిన్రు. అది కంపెనీ సంగతి. దొరికిన పోరనికి దేశం ఇడిచిపెట్టుడు పడొచ్చు, పనిచేసిన నెల జీతం అడుగుదామంటే చేతిల కాయితం ఉండదు. వీసా గడువు దాటితే దినానికి 50 దిర్హాంలు ఎక్కుతది. రెండు నెలలు ఎక్కువుంటే 3,000 దిర్హాంలు! ఇగ ఆడికెల్లి మనిషి ఖల్లివెల్లి. 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాక యూఏఈ సర్కార్ క్షమాభిక్ష పెట్టి, జరిమానా లేకుంట ఇంటికి పోవుడో, నౌకరి చూసుకొని కాయితాలు సక్కగ చేసుకునుడో ఏదో ఒకటి చేసుకోమన్నది. గసొంటి కిటికీ ఎప్పుడు తెరుస్తరో ఎవ్వలకు తెల్వది, దాని మీద భరోసతోని విమానం ఎక్కొద్దు.

మనకు కనబడని నష్టం ఇంకోటి ఉన్నది, నా లెక్కల ఇదే పెద్దది. పది పాస్ కానోళ్ల పాస్‌పోర్టు మామూలుగ ఈసీఆర్ కిందికి వస్తది. వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఈ-మైగ్రేట్ల క్లియరెన్స్ తీసుకోవాలె. ఆ క్లియరెన్స్ తోనే ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తది. రెండేండ్లకు కట్టేది 275 రూపాయలు, ప్రమాదంల పాణం పోతే ఇంటోళ్లకు 10 లక్షలు. విజిట్ మీద పోయినోనికి క్లియరెన్స్ లేదు, గందుకే ఈ బీమా లేదు. శంషాబాద్ కౌంటర్ కాడ "ఎందుకు పోతున్నవ్?" అంటే "మా బావను చూడటానికి" అని చెప్పినోడు, మన సర్కార్ రికార్డుల కార్మికుడు కాదు, చుట్టపుచూపు పోయినోడు. రేపు పరంజా మీదికెల్లి పడితే ఆ అబద్ధం ఇంటోళ్ల మెడకు చుట్టుకుంటది.

కువైట్ లెక్క వేరు. అక్కడ మనోళ్లు వీసాను నంబర్‌తోనే పిలుస్తరు. ఇంటి పనికి పోయేది 20 నంబర్, ఖాదిం వీసా. కంపెనీలకు పోయేది 18 నంబర్, షూన్ వీసా. ఖాదిం వీసా అగ్గువకు దొరుకుతదని దాని మీద పోయి, బయట పని చూసుకొని 18కి మారుదామని చాలామంది ఆశ. మామూలుగ అయితే 20 నుంచి 18కి మారుడు బంద్. 2024ల జులై 14 నుంచి సెప్టెంబర్ 12 దాక ఆ దర్వాజ తెరిచిన్రు. అదీ ఊకెనే కాదు, కఫీల్ ఒప్పుకోవాలె, ఆయన కాడ కనీసం ఏడాది పనిచేసి ఉండాలె, 50 దినార్ల ఫీజు కట్టాలె. రెండు నెలలు కాంగనే మూసిన్రు. ఇప్పటికీ ఆ రెండు నెలల ముచ్చట చెప్పి ఖాదిం వీసాలు అమ్మేటోడు ఉంటే, వానికి తారీఖు చూపెట్టుర్రి. నంబర్ తేడా ఉత్త అంకె కాదు. 18 మీద ఉన్నోనికి 2010 కార్మిక చట్టం వర్తిస్తది, 20 మీద ఉన్నోనికి 2015ల తెచ్చిన ఇంటిపనోళ్ల చట్టం వేరే ఉన్నది. ఇంటి కఫీల్ వీసా మీద ఉండి బయట కంపెనీల పనిచేసి జీతం రాకుంటే, ఏ ఆఫీసుకు పోయినా "నీ కాయితంల ఇది లేదు కదా" అంటరు.

ఇగ చదువుకోను పోయేటోళ్ల సంగతి. గోదావరిఖని, పెద్దపల్లి దిక్కు గిప్పుడు అప్పు తెచ్చి పంపుడు ఎక్కువైంది. బ్రిటన్‌ల ఒకప్పుడు స్టూడెంట్‌గ దిగి, నెలల్నే కేర్ వర్కర్ వీసాకు మారినోళ్లు ఉన్నరు. 2023 జులై 17 నుంచి అది బంద్, కోర్సు పూర్తికాకుంట వర్క్ వీసాకు మారనియ్యరు. కేర్ వర్కర్లను బయటి దేశాలకెల్లి తెచ్చుకునుడు సుత 2025 జులై 22 నుంచి ఆపేసిన్రు. విజిట్ మీద పోయినోనికైతే అక్కడుండి మారే తొవ్వే లేదు, వాపస్ రావాల్సిందే.

అమెరికాల మారొచ్చు. టూరిస్టుగ పోయినోడు ఐ-539 అనే ఫారం పెట్టి స్టూడెంట్ స్టేటస్ అడగొచ్చు, గని మంజూరయ్యేదాక క్లాసుల కూసోవద్దు. ఫారం పెట్టి నడుమల ఇంటికొస్తే ఆ అర్జీ పోయినట్టే. ఇంకో కిటుకు, అక్కడ మారేది స్టేటస్, వీసా కాదు. అక్క పెండ్లికని మంజూరైనంక ఊరికి వచ్చినా, మళ్ల పోవాలంటే హైదరాబాద్ కాన్సులేట్ల కొత్త వీసా స్టాంప్ కొట్టిచ్చుకోవాలె. ఆడ ఆఫీసర్ మొదటిసారి ఏం చెప్పి పోయినవో అడుగుతడు.

కాయితంల చదువు, నిజంగ పని అన్నట్టు ఉంటే ఏమైతదో 2019 జనవరి ఆఖర్ల చూసినం. మిషిగాన్‌ల ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతోని అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే ఉత్తుత్త కాలేజీ పెట్టి వల పన్నిన్రు. పట్టుబడ్డ వంద మందికి పైగల ఎక్కువ మంది మన తెలుగు పోరగాళ్లు. సర్కారే దొంగ కాలేజీ నడుపుడు న్యాయమా అంటే నేనైతే కాదంట. గని చేతికి సంకెళ్లు పడ్డది పిల్లలకు.

మారుడు అన్ని దిక్కులా నేరం కాదు. జర్మనీ 2024 జూన్ నుంచి ఆపర్చునిటీ కార్డ్ అని ఇస్తున్నది. దాని మీద పోయి నౌకరి దొరికితే ఆడనే వర్క్ పర్మిట్‌కు మారొచ్చు, దాని మతలబే అది. అదే జర్మనీల టూరిస్టు వీసా మీద దిగితే మామూలుగ వాపసే.

గందుకే ఏజెంట్‌ను "మారుతదా?" అని అడుగొద్దు, మారుతది అనే అంటడు. "ఏ కంపెనీ మారుస్తది, ఆఫర్ లెటర్ ఏది, పర్మిట్ రాకముందు నన్ను పనికి తోలుతరా, మారకుంటే వాపస్ టికెట్ ఎవని పైసలు?" అని అడుగుర్రి. వాని పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల రిజిస్టరైన ఏజెంట్ల లిస్టుల ఉన్నదా చూసుకోర్రి. రిజిస్టరైనోడు సర్వీస్ చార్జ్ కింద 30,000 రూపాయలు, జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోవద్దు. ఇప్పటికే పోయి దుబాయ్‌ల ఇరుక్కున్నోళ్లుంటే 80046342కు ఫోన్ కొట్టమనుర్రి, అది మన కాన్సులేట్ సహాయ కేంద్రం నంబర్, పైసలు పడయి. ఇంటోళ్లు హైదరాబాద్ ప్రజాభవన్‌ల ప్రవాసీ ప్రజావాణి కౌంటర్‌కు పోవచ్చు, మంగళవారం, శుక్రవారం. పోయేటప్పుడు పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు, ఏజెంట్‌కు పైసలు పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు వెంట పెట్టుకపోర్రి.