మనో (నేపథ్య గాయకుడు)

మనో అన్న పేరుతో ప్రసిద్ధుడైన నాగూర్ బాబు (జననం: 1965 అక్టోబరు 26) దక్షిణ భారత సినీ నేపథ్య గాయకుడు, గాత్రదాత, నటుడు. ఇతడు తెలుగువాడే అయినా గాయకుడిగా తొలి కీర్తి తమిళ చిత్రసీమలో లభించింది. తెలుగు ప్రేక్షకులలో చాలామందికి ఇతని గొంతు పాటలలో కంటే రజనీకాంత్ మాటలలోనే ఎక్కువ పరిచితం. ఆ గొంతు ఎవరిదో తెలియకుండానే ఏళ్ళ తరబడి విన్నవారు కూడా ఉన్నారు.

బాల్యం, తొలి అడుగులు

హైదరాబాదు నుండి గుంటూరు వెళ్ళే పాత రహదారిపై కృష్ణానది దాటిన తరువాత దాచేపల్లి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి వరుసగా వస్తాయి. పత్తి, మిరప పంటలకు పేరుపడిన ఈ పల్నాటి ప్రాంతం అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాగా ఏర్పడింది. నాగూర్ బాబు సత్తెనపల్లిలో ఒక ముస్లిం కుటుంబంలో జన్మించాడు. తండ్రి రసూల్ విజయవాడ ఆకాశవాణిలో పనిచేశాడు. ప్రముఖ కర్ణాటక సంగీత విద్వాంసుడు నేదునూరి కృష్ణమూర్తి వద్ద నాగూర్ బాబు శాస్త్రీయ సంగీతం అభ్యసించాడు. సినిమాలలోకి మొదట వచ్చింది మాత్రం గాయకుడిగా కాదు, బాలనటుడిగా. 1979 ప్రాంతంలో దాసరి నారాయణరావు దర్శకత్వం వహించిన చిత్రాలలో చిన్న వేషాలు వేశాడు.

తరువాత సంగీత దర్శకుడు కె. చక్రవర్తి వద్ద సహాయకుడిగా చేరాడు. గురువు చక్రవర్తి కూడా గుంటూరు జిల్లావాడే. ఆయన ఊరు తాడికొండ దగ్గరి పొన్నెకల్లు, అసలు పేరు కొమ్మినేని అప్పారావు. సంగీత దర్శకుడిగా స్థిరపడక మునుపు ఆయన డబ్బింగు కళాకారుడిగా పనిచేశాడు. పాటకూ మాటకూ ఒకే గొంతును వాడుకోవచ్చునన్న సంగతి శిష్యుడికి అక్కడే తెలిసి ఉండాలి.

పేరు మారడం

తమిళంలో ఇతనికి అవకాశం ఇచ్చినవాడు ఇళయరాజా. నాగూర్ అనగానే తమిళులకు ఇస్లామిక భక్తి గీతాల గాయకుడు నాగూర్ హనీఫా గుర్తుకు వస్తాడు. ఆ గందరగోళం లేకుండా ఇళయరాజా ఇతనికి 'మనో' అని పేరు పెట్టాడు. 1987లో వచ్చిన 'పూవిళి వాసలిలే' చిత్రంతో తమిళ ప్రవేశం జరిగింది. అదే సంవత్సరం గంగై అమరన్ దర్శకత్వంలో రామరాజన్ కథానాయకుడిగా వచ్చిన 'ఎంగ ఊరు పాట్టుక్కారన్'లో 'షెంబగమే' పాట తమిళనాట పల్లెపల్లెనా మోగింది. తెలుగు మాతృభాషగా గల యువకుడు తమిళ పల్లెటూరి పాటను ఆ ఊరివాడే పాడినట్లు పాడగలగడం మెచ్చుకోదగిన విషయం.

1980ల చివర, 1990లలో ఇళయరాజా స్వరపరచిన ఎన్నో పాటలు మనోకు దక్కాయి. 'వేలైక్కారన్' (1987), 'రాజాధి రాజా' (1989) చిత్రాలలో రజనీకాంత్‌కు పాడాడు. 1994లో ఎ.ఆర్. రెహమాన్ సంగీతంలో స్వర్ణలతతో కలిసి 'కాదలన్' కోసం పాడిన 'ముక్కాలా ముకాబులా' దేశమంతటా మారుమోగింది. తెలుగు అనువాదం 'ప్రేమికుడు'లోనూ వీరే పాడారు. మధ్యలో నటనను కూడా వదలలేదు. 'సింగారవేలన్' (1992)లో కమల్ హాసన్ మిత్రులలో ఒకడిగా కనిపిస్తాడు.

మనో గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును పోలి ఉంటుందన్న మాట మొదటి నుండీ ఉంది. ఈ పోలిక లాభమూ తెచ్చింది, నష్టమూ తెచ్చింది. పెద్దాయన తీరిక లేనప్పుడు పాట వచ్చేది. పాట హిట్టయితే పేరు పెద్దాయనకు పోయేది. మనో పాడిన కొన్ని పాటలను శ్రోతలు నేటికీ బాలు పాటలనే అనుకుంటారు.

రజనీకాంత్ తెలుగు గొంతు

1995లో వచ్చిన 'ముత్తు' తెలుగు అనువాదంలో రజనీకాంత్‌కు మనో మాటలు చెప్పాడు. 'నరసింహ' (1999), 'చంద్రముఖి' (2005), 'శివాజీ' (2007), 'రోబో' (2010) మొదలైన చిత్రాలలోనూ అదే గొంతు. అంతకు ముందు 'బాషా'లో సాయికుమార్ గంభీర స్వరం తెలుగువారిని ఆకట్టుకుంది. మనో పద్ధతి వేరు: రజనీకాంత్ వేగాన్నీ, వాక్యం చివర విసిరే విరుపునూ, నవ్వునూ పట్టుకోవడం.

ఈ పని పైకి కనిపించేటంత తేలిక కాదు. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. తమిళంలో చాలా మాటలు హల్లుతో ముగుస్తాయి. మకారంతో ఆగే తమిళ మాట దగ్గర నటుని పెదవులు మూసుకుంటాయి. అక్కడ తెలుగు రచయిత ప, బ, మ వంటి ఓష్ఠ్యాక్షరం ఉన్న మాట వెదకాలి, గాత్రదాత దానిని సరిగ్గా ఆ క్షణంలో పలకాలి. ఫిల్ము కాలంలో సన్నివేశాన్ని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కనూ తెరపై మళ్ళీ మళ్ళీ తిప్పుతూ రికార్డు చేసేవారు. తాళం, కాలప్రమాణం ఒంటబట్టిన గాయకులకు ఈ పని కలిసివచ్చిందని చెప్పవచ్చు. కమల్ హాసన్‌కు చాలా తెలుగు చిత్రాలలో మాటలు చెప్పినది కూడా బాలసుబ్రహ్మణ్యమే.

ఒక విశేషం: 'ముత్తు'లో కథానాయకుని పరిచయ గీతం పాడినది బాలసుబ్రహ్మణ్యం. అంటే తెలుగు 'ముత్తు' తెరమీదికి వచ్చీరాగానే బాలు గొంతుతో పాడి, వెంటనే మనో గొంతుతో మాట్లాడతాడు. 'తిల్లానా తిల్లానా' పాట దగ్గరికి వచ్చేసరికి మాటా పాటా రెండూ మనోవే. ప్రేక్షకులకు ఈ మార్పు ఏనాడూ ఎబ్బెట్టుగా తోచలేదు.

జపానులో

'ముత్తు' 1998లో జపానులో 'ముత్తు: ఒదోరు మహారాజా' (నాట్యమాడే మహారాజు) పేరుతో విడుదలై అనూహ్య విజయం సాధించింది. టోక్యోలోని షిబుయాలో ఒకే థియేటరులో నెలల తరబడి ఆడింది. 2006 డిసెంబరులో అప్పటి భారత ప్రధాని మన్మోహన్ సింగ్ జపాను పార్లమెంటులో ప్రసంగిస్తూ ఈ చిత్రాన్ని ప్రస్తావించాడు. అక్కడ చూపినది తమిళ మాతృక, జపనీసు ఉపశీర్షికలతో. కనుక మనో చెప్పిన తెలుగు మాటలు వారు వినలేదు. అయితే సుజాతతో కలిసి తమిళంలో పాడిన 'తిల్లానా తిల్లానా' ఉన్నదున్నట్లుగా విన్నారు. సత్తెనపల్లి గాయకుని పాట అలా షిబుయా చేరింది.

చిత్రమేమిటంటే తెర వెనుక పాడేవారికి జపానులో దక్కే గుర్తింపు వేరు. అక్కడ యానిమే చిత్రాల, ధారావాహికల శీర్షిక గీతాలు 'అనిసాన్' అనే ప్రత్యేక శాఖగా ఎదిగాయి. 1972 నాటి 'మజింగర్ జెడ్' శీర్షిక గీతం పాడిన ఇచిరో మిజుకి (1948–2022) ఆ పాటలతోనే జీవితకాలం కచేరీలు చేశాడు. జనం బొమ్మను ఎంత ఎరుగుదురో గాయకుణ్ణీ అంత ఎరుగుదురు. మన డబ్బింగు చిత్రాలలో గాత్రదాత పేరు పడితే పడుతుంది, లేకపోతే లేదు.

మనో ముఖం ఇంటింటా పరిచయమైనది టెలివిజను వలన. తమిళంలో విజయ్ టీవీ 'సూపర్ సింగర్'లోనూ, తెలుగులో ఈటీవీ 'జబర్దస్త్'లోనూ న్యాయనిర్ణేతగా కనిపించాడు. రెండవది పాటల కార్యక్రమం కూడా కాదు, హాస్య కార్యక్రమం.

జపానులో భారతీయ చిత్రాల వసూళ్ళలో 'ముత్తు' నెలకొల్పిన రికార్డు రెండు దశాబ్దాలకు పైగా నిలిచింది. 2018 నవంబరులో దానిని 4కె ప్రతిగా అక్కడ తిరిగి విడుదల చేశారు. 2022 డిసెంబరులో తెలుగు చిత్రం 'ఆర్ఆర్ఆర్' ఆ రికార్డును దాటింది.