చీమ కుట్టినట్టే, ఏం కాదు

పళ్ళ డాక్టరు గది బయట పది నిమిషాలు కూర్చుంటే చాలు, పిల్లలకి భయం ఎలా నేర్పాలో పాఠం మొత్తం వినవచ్చు. "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది అంతే" అని మొదలవుతుంది. రెండు నిమిషాలాగి, "కదలకుండా కూర్చుంటే ఐస్‌క్రీమ్ కొనిపెడతా." తర్వాత, "చూడు, ఆ పాప ఏడవట్లేదు, నువ్వు మగపిల్లాడివి." చివరికి, "ఏడిస్తే పెద్ద సూది వేస్తారు." సామదానభేదదండాలు నాలుగూ అయిపోయాయి. లోపలికి ఇంకా పిలవనే లేదు.

ఈ నాలుగింటిలో మంచిదనిపించే మొదటి మాట దగ్గరే కాసేపు ఆగాలి. ఇంట్లో ఇడ్లీ పెడుతూ ఎవరూ "ఏం కాదు, భయపడకు" అనరు. ఏదో కాబోతున్నప్పుడే అంటారు. ఈ సంగతి నాలుగేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. టీకాల దగ్గర, రక్తపరీక్షల దగ్గర పిల్లల్ని గమనించిన పరిశోధకులు ఇదే చూశారు: పెద్దవాళ్ళు పదేపదే ఓదార్చినచోట పిల్లల బాధ తగ్గడానికి బదులు పెరుగుతోంది. వేరే కబుర్లు చెప్పినప్పుడు, నవ్వించినప్పుడు తగ్గుతోంది. ఓదార్పు ప్రేమతోనే పుట్టినా, పిల్లవాడి చెవికి అది ప్రమాద ఘంటికలాగే వినిపిస్తుంది.

భయం మనిషిలోకి మూడు దారుల్లో వస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ రాక్‌మన్ 1977లో వివరించాడు. తనకే చేదు అనుభవం కలగడం ఒకటి, ఇంకొకరు భయపడుతుంటే చూడడం రెండోది, విన్న మాటలు మూడోది. పళ్ళ డాక్టరు విషయంలో చివరి రెండు దారులూ మన వంటింట్లోంచే వెళతాయి. నాన్న తన జ్ఞానదంతం పీకించుకున్న వృత్తాంతాన్ని బంధువులకి అభినయంతో సహా వినిపిస్తున్నప్పుడు, పక్కన బొమ్మలతో ఆడుకుంటున్న పిల్ల వినడం లేదనుకోవడం మన అమాయకత్వం. అన్నం తినకపోతే డాక్టరు చేత సూది వేయిస్తానని రోజూ బెదిరించిన ఇంట్లో, ఆ డాక్టరు దగ్గరికి నవ్వుతూ వెళ్ళమనడం మరీ అత్యాశ.

మొదటి దారి సంగతి ఇంకాస్త చిత్రమైనది. నొప్పిలేని పరిచయం ముందుగా కొన్నిసార్లు జరిగి ఉంటే, తర్వాత ఎప్పుడో నొప్పి కలిగినా భయం అంత లోతుగా నాటుకోదు. అనుభవాల ఖాతాలో కాస్త మంచి నిల్వ ఉంటుంది గనక ఒక్క చెడ్డ రోజుకి అది ఖాళీ కాదు. అందుకే మొదటి పన్ను వచ్చాక, మొదటి పుట్టినరోజు లోపలే ఒకసారి చూపించమంటారు పిల్లల దంతవైద్యులు. వాళ్ళు అప్పుడు చేసేదేమీ ఉండదు. అమ్మ, డాక్టరు మోకాళ్ళు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చుంటారు, బిడ్డని ఆ ఒళ్ళలో పడుకోబెట్టి నోట్లోకి ఓ చూపు చూస్తారు. అంతే.

మన లెక్క వేరు. "పాలపళ్ళే కదా, ఊడిపోయేవే" అంటాం. ఊడిన పన్నుని ఇంటి కప్పు మీదకి విసరడంలో ఉన్న శ్రద్ధ, ఊడనిదాని మీద ఉండదు. కానీ వెనక దవడలోని పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండవలసినవి. ఐదేళ్ళకే పిప్పిపన్ను అయితే అంతకాలం ఓర్చుకోవడం కుదరదు. బుగ్గ వాచి, రెండు రాత్రులు ఇంటిల్లిపాదికీ నిద్ర లేకపోయాక అప్పుడు పరుగెత్తుతాం. అంటే పిల్లవాడికి డాక్టరుతో తొలి పరిచయం, నొప్పితో పరిచయం ఒకే రోజు జరుగుతాయి. ఆ రెంటినీ అతను జన్మలో విడదీయలేడు.

సరే, కుర్చీ దాకా వచ్చాం. ఇక్కడ పాతకాలం నుంచీ పనిచేస్తున్న పద్ధతి ఒకటుంది: చెప్పు, చూపించు, ఆ తర్వాతే చెయ్యి. ఆడెల్‌స్టన్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1959లో దీన్ని పద్ధతిగా రాశాడు. వినడానికి ఇంత సులువైనదానికి శాస్త్రమెందుకు అనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. నీళ్ళూ గాలీ చిమ్మే చిన్న గొట్టాన్ని మన దంతవైద్యులు త్రీ వే సిరంజి అంటారు. దానికి సూదే లేదు, కానీ పేరులో సిరంజి ఉంది. "సిరంజి ఇవ్వమ్మా" అని నర్సుతో అన్న ఒక్క మాటతో అరగంట శ్రమ గంగపాలు. తెలిసిన డాక్టరు దాన్ని పన్నుకి స్నానం చేయించే పిచికారీ అని చెబుతాడు, ముందు పిల్లవాడి అరచేతి మీద చిమ్మి చూపిస్తాడు, ఆ తర్వాతే నోట్లోకి తెస్తాడు. 1957లో వచ్చిన ఎయిరోటార్ అనే డ్రిల్లు నిమిషానికి మూడు లక్షల సార్లు తిరుగుతుంది, ఈల వేస్తుంది. భయపెట్టేది చాలావరకు ఆ చప్పుడే. అందుకని అది పన్ను దరిదాపులకి రాకముందే, గాలిలో దూరంగా ఓసారి వినిపించాలి.

పిల్లల భాషలో చెప్పడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. సూది వెయ్యాల్సి ఉంటే "సూది లేదు" అనకూడదు. "చిగురు మీద నొక్కినట్టుంటుంది, కొంచెం చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అంటే అది నిజం. అక్కడ డాక్టరు బుగ్గని వేళ్ళతో పట్టుకుని చిన్నగా ఊపుతూ ఉంటాడు, అది ఊరికే కాదు. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం వెన్నుపాములో నొప్పికి ఒక గేటు ఉంది. స్పర్శ, కదలిక కబుర్లు ముందుగా చేరితే నొప్పి కబురుకి దారి ఇరుకవుతుంది. దెబ్బ తగిలినచోట మనం రుద్దుకునేది అందుకే.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఎత్తిన చెయ్యి. "నీకు కష్టంగా ఉంటే ఎడమ చెయ్యెత్తు, నేను ఆపేస్తాను" అని ముందే ఒప్పందం. మా తోడల్లుడి కొడుక్కి ఆరేళ్ళప్పుడు ఇలాగే చెప్పారు. వాడు మూడుసార్లు ఊరికే ఎత్తాడు, పరీక్షించడానికి. మూడుసార్లూ ఆ డాక్టరమ్మ ఆపింది. పక్కనున్న తండ్రి "చెయ్యి దించరా, ఆవిడ టైం వేస్ట్" అని గద్దించాడు. ఆవిడ ఆయన్ని బయట కూర్చోమంది. పన్ను పని పూర్తయ్యేదాకా వాడు మళ్ళీ చెయ్యెత్తలేదు. భయంలో సగం నొప్పి గురించి కాదు, తన నోరు తన చేతుల్లో లేకపోవడం గురించి. ఒక్కసారి చెయ్యెత్తినా ఆగకపోతే ఆ ఒప్పందం రద్దయినట్టే.

దీనికి తలకిందులైన పద్ధతీ ఒకటుండేది. అరిచే పిల్లవాడి నోటి మీద చెయ్యి పెట్టి మూసి, ఊరుకుంటేనే తీస్తాననడం. అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ తన మార్గదర్శకాల్లోంచి దాన్ని 2006లో గానీ తీసెయ్యలేదు.

తల్లిదండ్రులు గదిలో ఉండాలా వద్దా అనేది పాత ప్రశ్న. ఫ్రాంకల్ అనే పరిశోధకుడి బృందం 1962లో దీన్నే పరిశీలించింది: నాలుగేళ్ళ లోపు పిల్లలకి తల్లి పక్కన ఉండడం మేలు చేసింది, అంతకంటే పెద్ద పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లల ప్రవర్తనకి నాలుగు మెట్ల కొలమానం ఆ పరిశోధనలోంచే వచ్చింది. డాక్టర్లు ఇప్పటికీ కేసు షీటులో దాని ప్రకారం మార్కులు వేస్తారు. తల్లిదండ్రులకి అలాంటి మార్కులు లేకపోవడం వైద్యుల సౌజన్యం.

దృష్టి మళ్ళించడం గురించి అందరికీ తెలుసు. పైకప్పుకి టీవీ, కళ్ళకి వీఆర్ అద్దాలు, పని చేస్తాయి. ఫోను కూడా పని చేస్తుంది గానీ, మూడు పూటలా ఫోను చూస్తూ అన్నం తినే పిల్లవాడికి అందులో కొత్తేముంది?

ఎవరూ పట్టించుకోనిది తర్వాత జరిగేది. జ్ఞాపకం తడి ఆరని సిమెంటు లాంటిది, ఇంటికొచ్చాక ఎవరు ఎలా నొక్కితే ఆ అచ్చు పడుతుంది. గుమ్మంలోనే అమ్మమ్మ "చాలా నొప్పెట్టిందా బంగారం?" అని అడిగితే, అప్పటిదాకా మర్చిపోయిన నొప్పి తిరిగొస్తుంది. "నోరు ఎంత పెద్దగా తెరిచావేంటి, నాకు చూపించు" అంటే వేరే జ్ఞాపకం నిలుస్తుంది. కొందరు పిల్లల దంతవైద్యులు మొదటిసారి నవ్వుతున్న ఫొటో తీసి ఉంచి, రెండోసారి వచ్చినప్పుడు దాన్ని చూపించి మొదలుపెడతారు. మెచ్చుకోవడం కూడా అంతే. "వెరీ గుడ్" గాలికి పోతుంది, "చేతులు పొట్ట మీద పెట్టుకుని కదలకుండా ఉన్నావు" అన్నది ఉంటుంది, ఎందుకంటే మళ్ళీ ఏం చెయ్యాలో అందులో ఉంది.

వైద్యమే తేలికైతే భయానికి పనే తగ్గుతుంది. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు సూదీ డ్రిల్లూ లేకుండా పుచ్చిన పాలపన్ను మీద స్టీలు క్యాపు అతికించేసేది; అది ఇప్పుడు ఆవిడ పేరుతోనే హాల్ టెక్నిక్. వెండి కలిసిన ఫ్లోరైడు చుక్క పూసి పుచ్చుని ఆపే పద్ధతీ ఉంది. పుచ్చినచోట నల్లగా మారుతుందని తల్లిదండ్రులు వద్దంటారు. పుచ్చు మాత్రం తెల్లగా ఉంటుందన్నట్టు.

ఇవన్నీ చేసినా కొందరికి మత్తు తప్పదు. మరీ చిన్నబిడ్డకి ఒకేసారి ఏడెనిమిది పళ్ళు పాడైతే మాటలతో నెట్టుకురావడం మొండితనం. అది ఎవరి ఓటమీ కాదు.

ఇంట్లో మూడేళ్ళ పిల్లలుంటే ఒక పని చెయ్యండి. పిల్లల దంతవైద్యుల క్లినిక్‌కి ఫోను చేసి అపాయింట్‌మెంట్ అడగండి. "ఏ పన్ను నొప్పి అండీ?" అంటారు అవతల. "ఏ పన్నూ కాదు, ఊరికే పళ్ళు లెక్కపెట్టించుకుని వెళ్దామని" అనండి. కాసేపు ఏమీ వినపడదు. లైను కట్ కాలేదు, పెట్టెయ్యకండి.