గ్రామ యుద్ధ స్మారక వనం: దాని వారసత్వ విలువ

1. పరిచయం

వారసత్వ సంపద అనగానే మనకు గుళ్లు, కోటలు గుర్తుకు వస్తాయి. పశ్చిమ ప్రకాశంలో అయితే త్రిపురాంతకం ఆలయం, మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి, కంభం చెరువు అని చెబుతాం. ఊరి మధ్య నాలుగు వేపచెట్లు, ఒక జెండా దిమ్మె, యుద్ధంలో మరణించిన ఊరివారి పేర్లు చెక్కిన రాయి ఉన్న చిన్న ఆవరణను ఆ జాబితాలో చేర్చం. చట్టం కూడా చేర్చదు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడంగా గుర్తింపు పొందాలంటే కనీసం 100 సంవత్సరాల వయసు ఉండాలి. స్వాతంత్ర్యం తరువాత వెలసిన స్మారకాలకు ఆ వయసు లేదు. అయినా వాటికి వారసత్వ విలువ ఉంది. అది ఎక్కడి నుంచి వస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. వీరగల్లు సంప్రదాయం

పోరులో మరణించినవారికి రాయి నిలపడం మనకు కొత్త కాదు. రాయలసీమలో, పల్నాడులో వీరగల్లులు ఎన్నో కనిపిస్తాయి. మార్కాపురానికి ఉత్తరాన ఉన్న పల్నాటి సీమలోని కారంపూడిని చూడండి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ వీరులకు అక్కడ గుడి ఉంది. ఏటా కార్తిక అమావాస్య మొదలు ఐదు రోజులు వీరారాధన జరుగుతుంది. వీరాచారవంతులు తమ ఊళ్ల నుంచి కొణతాలనే ఆయుధాలను తెచ్చి పూజిస్తారు.

దీని నుంచి మీరు గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. రాయి గట్టిది కావడం వల్లనే జ్ఞాపకం నిలవలేదు. దాని దగ్గరికి ఏటా మనుషులు రావడం వల్ల నిలిచింది.

3. సంఖ్య, పేరు

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటిష్ ప్రభుత్వం దేశంలోని అనేక గ్రామాల్లో చిన్న శిలాఫలకాలు పెట్టించింది. ఆ ఊరి నుంచి ఎందరు యుద్ధానికి వెళ్లారో, ఎందరు మరణించారో వాటిలో సాధారణంగా సంఖ్యలే ఉంటాయి. 1931లో ఆవిష్కరించిన ఢిల్లీ ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లు చెక్కారు.

అన్ని వేల పేర్ల మధ్య ఒక పేరును వెతికి పట్టుకోవాలి. ఊరి రాయి మీద అదే పేరు ఫలానావారి కొడుకు, ఫలానా వీధి మనిషి అవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం తరతరాలుగా సైనికులను పంపి ‘మిలిటరీ మాధవరం’గా పేరు పొందింది. అలాంటి ఊరి స్మారకంలో దేశ చరిత్ర, ఇంటి చరిత్ర ఒకేచోట కలుస్తాయి. గ్రామ స్మారకానికి ఉన్న ప్రత్యేక విలువ ఇదే.

4. విలువలను ఎలా అంచనా వేయాలి?

చారిత్రక విలువ: స్మారకం ఒక పత్రం వంటిది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. కాబట్టి ఈ ప్రాంతపు పాత సైనికుల వివరాలను కర్నూలు జిల్లా పేరు కింద వెతకాలి. ఊరి రాయి మీది పేరు ఆ వెతుకులాటకు మొదటి ఆధారం.

సామాజిక విలువ: ఆగస్టు 15న అక్కడ ఎవరు దండ వేస్తారు? మరణించినవారి కుటుంబాన్ని పిలుస్తారా? ఎవరి పేరు లేదు? సైన్యం వెంట వెళ్లిన వంటవారు, కూలీలు, పశువులను తోలినవారు స్మారకాల్లో తరచుగా కనిపించరు. ఉన్న పేర్లతో పాటు లేని పేర్లను కూడా అడగడం చరిత్ర విద్యార్థి పని. ఇది యుద్ధాన్ని పొగడడం కాదు, యుద్ధానికి ఊరు చెల్లించిన మూల్యాన్ని లెక్కగట్టడం.

కళాత్మక విలువ: రాయి, అక్షరాలు, చెక్కిన తీరు స్థానిక పనితనాన్ని చూపుతాయి. మార్కాపురం పలకరాయి పొరలుగా విడిపోతుంది. పలకల తయారీకి పనికొచ్చిన ఆ గుణమే చెక్కిన అక్షరాలకు ముప్పు కావచ్చు.

5. పరిరక్షణ

చాలా స్మారకాలకు హాని చేసేది నిర్లక్ష్యం ఒక్కటే కాదు, మంచి ఉద్దేశంతో చేసే మరమ్మతు కూడా. ఏటా వేసే రంగు అక్షరాల లోతును పూడ్చేస్తుంది. కొత్త ఫలకం పెట్టేటప్పుడు పాతదాన్ని తీసి పారేస్తారు. తిరిగి రాసేటప్పుడు ఇంటిపేరు తప్పుపోతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు దిమ్మె కదులుతుంది. చట్టం రక్షణ లేనిచోట పంచాయతీ, బడి, ఊరివారే రక్షకులు.

మీ ఊళ్లో స్మారకం ఉంటే ఉదయపు ఏటవాలు వెలుతురులో ఫోటో తీయండి. ఉన్న అక్షరాలను ఉన్నట్టే, తప్పులతో సహా, రాసుకోండి. ఒక్కొక్క పేరు గురించి ఆ ఇంటివారిని అడిగి నమోదు చేయండి. ఒక ప్రతిని పంచాయతీకి, మరొకటి బడికి ఇవ్వండి. పెద్దవారు ఉండగానే ఈ పని చేయాలి. వారి తరువాత రాయి మీద అక్షరాలు మిగిలినా, అవి ఎవరివో చెప్పేవారు ఉండరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వందేళ్లు నిండని స్మారకానికి వారసత్వ విలువ ఎలా కలుగుతుంది?
2. గ్రామ స్మారకంలోని పేరుకు, జాతీయ స్మారకంలోని పేరుకు తేడా ఏమిటి?
3. మీ ప్రాంతంలోని ఒక స్మారకాన్ని పరిశీలించి, అందులో లేని పేర్ల గురించి పది వాక్యాలు రాయండి.